మీరు పట్టిన చేపలు కూడా తీసుకురండి

ఉత్తరం: అమ్మా, వందనాలు. మాది గుంటూరు. నాకు 46 ఏళ్లు. మావారు ఇంటికి పెద్దకొడుకు, అత్తగారు మా దగ్గరే ఉంటారు. 19 ఏళ్లుగా క్రిస్మస్ రోజు గుడి అయిపోగానే అందరూ మా ఇంటికే భోజనానికి వస్తారు. ఈసారి 28 మంది అవుతాం. నేను 24 రాత్రి ఆరాధన నుంచి వచ్చి, కాసేపు నడుం వాల్చి, నాలుగింటికి పొయ్యి వెలిగిస్తాను. అందరూ కూర్చున్నాక మా మరిది పది నిమిషాలు ప్రార్థన చేస్తారు. దేవునికి ఎన్నో స్తోత్రాలు చెల్లిస్తారు, వండిన మనిషి గురించి ఒక్క ముక్క రాదు. పోయినేడు పలావులో ఉప్పు తగ్గిందని మాత్రం నలుగురూ చెప్పారు. మా చిన్న తోడికోడలు "అక్కా, నేనేదన్నా చేసుకొస్తాను" అంటుంది. ఇంటికొచ్చేవాళ్ల చేత గిన్నెలు మోయించడం ఏం బాగుంటుందని నేనే వద్దంటాను. ఈసారి మా ఇంట్లో పనిచేసే అమ్మాయినీ, ఆమె ఇద్దరు పిల్లల్నీ కూడా భోజనానికి పిలవాలని ఉంది. అత్తగారేమో "మనవాళ్ల మధ్యలో పనిమనిషేంటి, పొట్లం కట్టి ఇచ్చెయ్యి" అన్నారు. పైవాటాలో ఉండేవాళ్లు హిందువులు, మాంసం ముట్టరు. సంక్రాంతికి మాకు డబ్బా నిండా అరిసెలు పంపారు. ఆ డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. వాళ్లనీ పిలవాలని ఉంది కానీ మా ఇంట్లో ఏం తింటారు? పండగ దగ్గరపడుతుంటే సంతోషం బదులు టెన్షన్ వస్తోంది. కోపంతో వండుతున్నాను. ఇలా వండిపెట్టడం దేవునికి ఇష్టమేనా? — ఒక సోదరి

సమాధానం:

అమ్మా, మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. 19 ఏళ్లు తెల్లవారుజామున లేచి ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మనిషికి ఇరవయ్యో ఏడు కోపం వచ్చిందంటే, దాన్ని నేను పాపమనలేను. ఒళ్లు అలిసిపోయింది, మనసు ఇంకా ఎక్కువ అలిసిపోయింది. దేవుడికి ఆ సంగతి తెలుసు. ఆయన దగ్గర దాచుకోవాల్సిన పని లేదు.

ఇలాంటి మాట పైకి చెప్తే మన గుళ్లలో చాలామంది మార్త పేరు ఎత్తుతారు. "మార్తలాగా కంగారు పడకమ్మా, మరియలాగా పాదాల దగ్గర కూర్చో" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. లూకా సువార్త 10వ అధ్యాయం నిదానంగా చదవండి. ప్రభువు ఇంటికి వచ్చినప్పుడు సహోదరి మరియ ఆయన మాటలు వింటూ కూర్చుంటే, పనంతా తన మీదే పడిందని మార్త ఫిర్యాదు చేసింది. ప్రభువు మార్త వంటను తప్పు పట్టలేదు. ఆమెను రెండుసార్లు పేరు పెట్టి పిలిచి, అనేకమైన పనుల గురించి విచారపడుతున్నావని అన్నాడు. తర్వాత యోహాను 12లో వాళ్ల ఊరు బేతనియలో మళ్లీ విందు జరిగింది. అప్పుడూ ఉపచారం చేసింది మార్తే. ఆ రోజు ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె కూడా ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. వడ్డించే చేతులు అవే, లోపలి గొడవ మాత్రం సద్దుమణిగింది. మీకు కావలసింది కూడా అదే అనుకుంటున్నాను. వంట మానెయ్యాలని మీరు అడగలేదుగా.

పేతురు మొదటి పత్రికలో, సణుక్కోకుండా ఒకరికొకరు ఆతిథ్యం చేయమని ఉంది. సణుక్కోకుండా అని విడమరిచి రాయాల్సి వచ్చిందంటే, ఆ తొలి సంఘాల్లో కూడా పొయ్యి దగ్గర సణుగుడు ఉండేదన్నమాట. ఆ మాట మనందరికీ గుర్తుంటుంది. దాని పక్కనే ఉన్న "ఒకరికొకరు" అన్న మాటను దాటేసి వెళ్లిపోతాం. మీ ఇంట్లో 19 ఏళ్లుగా ఒకరే పెడుతున్నారు, మిగతావాళ్లు తింటున్నారు. సణుగుడు పుట్టింది అక్కడే.

ఇక మీ పేరు ప్రార్థనలో రాలేదన్న బాధ. ఇది చిన్న విషయమని, పేరు కోసం తాపత్రయమని మీకు మీరే అనుకుని ఉంటారు, అందుకే ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. పదిమంది కుష్ఠరోగులు బాగుపడి ఒక్కడే తిరిగొచ్చినప్పుడు, తక్కిన తొమ్మిదిమంది ఎక్కడని ప్రభువే అడిగాడు. కృతజ్ఞత రానప్పుడు ఆయన కూడా గమనించాడు, గమనించానని పైకి చెప్పాడు. ఆ తొమ్మిదిమంది దుర్మార్గులేమీ కాదు. యాజకులకు చూపించుకోమని ఆయన చెప్పిన పని మీదే వెళ్తున్నారు. మీ చుట్టాలూ అంతే అయ్యుంటారు. ఏటా ఆ పూటకు ఆ ఇంట్లో అన్నం ఉంటుంది, తెల్లారితే వెలుగు వచ్చినట్టు. అలవాటైపోయిన దానికి ఎవరు థాంక్స్ చెప్తారు?

మా అమ్మ సంగతి చెప్తాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. క్రిస్మస్ రోజు మా ఇంట్లో ఇరవై ముప్పై విస్తళ్లు లేచేవి. అమ్మ అందరికన్నా చివర, వంటింట్లో పీట మీద కూర్చుని, పలావు గిన్నె అడుగున మాడిన చెక్కు గరిటెతో గీక్కుని, దాని మీద మిగిలిన పులుసు పోసుకుని తినేది. "నాకు అదే ఇష్టం" అనేది. మేము నమ్మేశాం. ఒక ఏడు మా నాన్నగారి స్నేహితుడు, బడిపంతులు ఒకాయన, విస్తరి ముందు నుంచి లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లి, "అమ్మా, మీరు కూడా వస్తే ప్రార్థన మొదలుపెడతాం" అన్నాడు. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడవారగా నిలబడింది. ఎంత చెప్పినా కూర్చోలేదు. ఆయన ప్రార్థనలో "ఈ అన్నం వండిన మా చెల్లెలి చేతుల్ని దీవించు తండ్రీ" అన్నాడు. నేను చిన్నదాన్ని, కళ్లు తెరిచి చూశాను. అమ్మ తన చేతులకేసి చూసుకుంటోంది. బొటనవేలి దగ్గర నూనె చింది బొబ్బెక్కి ఉంది. ఆ ఒక్క మాటను అమ్మ నలభై ఏళ్ల తర్వాత కూడా తలుచుకుంది, పోవడానికి ఏడాది ముందు.

కాబట్టి ఆ మాట మీకు కావాలనిపించడం తప్పు కాదు. కానీ దాని కోసం మీ మరిదితో పేచీ పెట్టుకోవద్దు. మీవారితో మాట్లాడండి. పండగ రోజు పొద్దున, చెమటలు కారుతుంటే మాట్లాడితే అది దెప్పిపొడుపు అవుతుంది. ఈ వారంలోనే ఒక రాత్రి, పిల్లలు పడుకున్నాక, నిమ్మళంగా చెప్పండి. "ఇన్నేళ్లలో ఎవరూ నాకు ఒక్క మంచిమాట చెప్పలేదు, నాకు బాధగా ఉంది. ఈసారి ప్రార్థనకు ముందు మీరు నిలబడి వండినవాళ్ల పేర్లు చెప్పండి" అని నేరుగా అడగండి. పేర్లు అంటున్నాను, పేరు అనడం లేదు. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

యోహాను సువార్త చివరి అధ్యాయంలో ఒక ఉదయం ఉంది. మన పండగ భోజనాలన్నిటికీ అదే పాఠమని నా నమ్మకం. శిష్యులు రాత్రంతా వల వేసినా ఏమీ పడలేదు. తెల్లవారాక ప్రభువు చెప్పినట్టు పడవ కుడిపక్కన వేస్తే 153 పెద్ద చేపలు పడ్డాయి. ఒడ్డుకు వచ్చి చూస్తే అప్పటికే నిప్పులు రాజేసి ఉన్నాయి, వాటి మీద చేప ఉంది, పక్కన రొట్టె ఉంది. అంటే వంట అయిపోయింది. ఆయనకు వాళ్ల చేపలతో పని లేదు. అయినా మీరిప్పుడు పట్టిన చేపల్లో కొన్ని తీసుకురండి అన్నాడు. ఆ తర్వాతే భోజనానికి రమ్మన్నాడు.

ఆయన అలా ఎందుకు అడిగాడని నేను చాలాసార్లు ఆలోచించాను. ఒట్టి చేతులతో కూర్చున్నవాడు ఎంత తిన్నా పరాయివాడే. తన చేప కూడా ఆ నిప్పుల మీద కాలితే అది తన భోజనం కూడా అవుతుంది. సమరయ స్త్రీని నీళ్లు అడిగాడు. జక్కయ్యను నీ ఇంట్లో ఉండాలని తనే అడిగాడు. పస్కాకు ఎవరిదో మేడగది అడిగాడు. పెట్టడం ఎంత బాగా తెలుసో అడగడం కూడా అంత బాగా తెలుసు ఆయనకు. మనకు పెట్టడం వచ్చు. అడగాలంటే నామోషీ.

వచ్చినవాళ్ల చేత పని చేయించడం మర్యాద కాదని మన ఇళ్లలో అనుకుంటాం. కొత్త అల్లుడికి, దూరం నుంచి వచ్చిన చుట్టానికి ఆ మర్యాద సరే. 19 ఏళ్లుగా అదే ఇంటికి వస్తున్న తోడికోడలు అతిథి ఎలా అవుతుంది? ఆమె ఏటా "ఏదన్నా చేసుకొస్తాను" అంటోంది. ఏటా మీరు వద్దంటున్నారు. కోప్పడకుండా వినండి: ఆమె మీకు కృతజ్ఞత చూపించే దారి అదొక్కటే అయితే, ఆ తలుపు మీరే వేసేస్తున్నారు.

ఈ రోజే ఫోన్ చేసి "చెల్లీ, ఈసారి కోడికూర నీదే" అనండి. 28 మందికి నాలుగు కిలోల బియ్యం, ఆపైన మాంసం, ఒక్క మనిషి భుజాన వేసుకునే బరువు కాదు. పలావు మీరు చేయండి, మీ చేతి పలావు కోసమే వస్తారు అందరూ. పెరుగు పచ్చడి, సాంబారు ఇంకొకరికి చెప్పండి. కజ్జికాయలు, గులాబీ పూలు ఆడపడుచులు ఎవరైనా ముందురోజే చేసుకొస్తారు. మగపిల్లలు పెద్దవాళ్లయ్యే ఉంటారు. మంచినీళ్ల క్యాన్లు, అద్దె కుర్చీలు, చివర ఎంగిలి ఆకులు తీయడం, గిన్నెలు తోమడం వాళ్లకు అప్పగించండి. మీ మరిదికి కూడా ఒక పని ఉండాలి. ఏదో ఒకటి వాయిదా పడుతుంది, ఎవరో ఆలస్యంగా తెస్తారు, కూరలో కారం ఎక్కువవుతుంది. గుంటూరులో కారం ఎక్కువైందని ఎవరూ పడిపోరు. మీరు మాత్రం ఆ కూర గురించి ఒక్క వంక కూడా పెట్టొద్దు, కళ్లతో కూడా. ఇంకో సంగతి, తన గిన్నె మోసుకొచ్చి పదిమంది ముందు మూత తీసి, ఏమంటారోనని గుండె దడదడలాడిన మనిషి ఇంకొకరి పలావులో ఉప్పు గురించి మాట్లాడదు. ఇది నేను మా ఇంట్లోనే చూశాను.

మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి సంగతికి వద్దాం. ఈ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే.

పౌలు కొరింథు సంఘం మీద అంతగా మండిపడింది ఎందుకో గుర్తుందా? ప్రభువు భోజనమని చెప్పి ఒకచోట చేరతారు, ఉన్నవాళ్లు ముందే తినేస్తారు, లేనివాడు ఆకలితో ఉండిపోతాడు. లేనివాళ్లను మీరు సిగ్గుపరుస్తారా అని అడిగాడు. అక్కడ అన్నం తక్కువ కాలేదు. ఒకే కప్పు కింద రెండు రకాల మనుషులయ్యారు. పొట్లం కట్టి ఇవ్వడంలో అన్నం ఉంది. పక్కన చోటు లేదు.

గుంటూరుకు లూథరన్ మిషనరీ హెయర్ దొరగారు వచ్చింది 1842లో. ఆ తర్వాత తరాల్లో సంఘంలోకి వచ్చిన మన కుటుంబాలు చాలావరకు ఊరి చివర పేటల నుంచి వచ్చినవే. మా నాయనమ్మ చెప్పేది. చేలో కూలికి వెళ్లి దాహమేస్తే, గట్టు కింద వంగి దోసిలి పట్టాలి. పైనుంచి చెంబు తగలకుండా నీళ్లు ఎత్తిపోసేవాళ్లు. సగం నీళ్లు మోచేతుల మీదుగా కారిపోయేవి. గుడిలో మొదటిసారి ప్రభువు బల్ల దగ్గర మోకరించి, అందరూ తాగిన గిన్నెలోనే తనూ తాగిన రోజు వెక్కివెక్కి ఏడ్చిందట. ఆ గిన్నెలోంచి తాగిన వాళ్ల మనవరాళ్లం మనం. ఇంకొక ఆడమనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టి పొట్లం చేతిలో పెట్టడం మనం చేయాల్సిన పని కాదు.

మీ అత్తగారు చెడ్డమనిషని నేను అనుకోవడం లేదు. నాలుగు మెట్లు ఎక్కిన కుటుంబానికి మళ్లీ ఎక్కడ జారిపోతామోనన్న భయం ఉంటుంది. ఆ భయమే ఆమె చేత అలా అనిపించి ఉంటుంది. ఆమెకు వాక్యం చూపించి వాదించకండి, ఓడిపోయాననుకుంటే ఇంకా బిగుసుకుంటారు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని "అత్తయ్యా, మీ చిన్నప్పుడు మీ అమ్మగారు క్రిస్మస్ ఎలా చేసేవారు, ఎవరెవరు వచ్చేవారు" అని అడగండి. చెప్పనివ్వండి. ఆ మాటల్లో ఎక్కడో ఒకచోట ఆమెకు ఎవరో అన్నం పెట్టిన రోజు, ఎవరో పెట్టని రోజు వస్తాయి. అప్పుడు "ఈసారి ఆ అమ్మాయిని మీరే పిలవండి" అనండి. పెద్దావిడ నోటి నుంచి పిలుపు వస్తే మిగతావాళ్లు ఏమీ అనరు.

అయితే ముందు ఆ అమ్మాయిని అడగండి. ఆమెకు రావాలని ఉందో లేదో మనకు తెలియదు. పాతికమంది కొత్తవాళ్ల మధ్య కూర్చోవడం ఆమెకే ఇబ్బంది కావచ్చు, ఆమె ఇంట్లోనూ పండగ ఉండొచ్చు. వస్తానంటే ఆ రోజు ఆమెకు సెలవు, జీతం కోయకుండా. ఆ పూట ఒక్క గిన్నె కూడా ఆమె చేతికి వెళ్లకూడదు. అలవాటు కొద్దీ లేచి సింకు దగ్గరకు వెళ్లబోతుంది, చేయి పట్టుకుని కూర్చోబెట్టండి. మీ పక్కనే కూర్చోబెట్టండి. మీరూ ఆ బంతిలోనే తినండి, చివర పీట మీద కాదు. రానంటే బలవంతం వద్దు. మీవాళ్లెవరూ ముట్టకముందే, మొదట దించిన పలావు మంచి డబ్బాలో పెట్టి మీ పిల్లల చేత ఆమె ఇంటికి పంపండి. బైబిల్లో నెహెమ్యా కాలంలో కూడా పండగ భోజనం చేస్తూ, ఏమీ సిద్ధం చేసుకోలేనివాళ్లకు వంతులు పంపమన్నారు. ముందు పంపితే అది వంతు. తిన్నాక పంపితే మిగిలింది.

ఒక్క మాట చెప్పాలి, నొచ్చుకోవద్దు. 24న ఉల్లిపాయలు తరిగేది, అల్లం వెల్లుల్లి ఒలిచేది, పెద్ద గిన్నెలు అటక మీద నుంచి దించి తోమేది ఆ అమ్మాయే అయ్యుంటుంది. ప్రార్థనలో మీ పేరు రాలేదని రాశారు. ఉత్తరంలో మీరు ఎవరి పేర్లూ రాయలేదు, నిజమే. కానీ మీ మరిది ప్రార్థనలో ఆమె పేరు కూడా రాలేదు కదా, అది మీకైనా తట్టిందా? అందుకే మీవారిని పేర్లు చెప్పమని అడగమన్నాను. ఆమె పేరు కూడా అందరి ముందూ చెప్పించండి. పిల్లలు వింటారు, ఆమె పిల్లలు కూడా.

పైవాటా వాళ్ల విషయంలో మీకు అనవసరంగా భయం. మాంసం తినని ఇంటివాళ్లను మాంసం వండే రోజే పిలవాలని ఎక్కడుంది? మధ్యాహ్నం విందు మీ కుటుంబానికి ఉంచుకోండి, వాళ్లను సాయంత్రం పిలవండి. ఇల్లు సర్దేసి, స్టార్ వెలిగించి, పండ్లు, కాఫీ పెట్టండి. గులాబీ పూల పిండిలో కోడిగుడ్డు వేస్తాం, కేకులోనూ వేస్తాం. కొంతమంది గుడ్డు కూడా ముట్టరు. అడిగి తెలుసుకోండి, గుడ్డు లేని కేకు బేకరీలో చెప్పి చేయించండి. "ఇందులో గుడ్డు లేదండీ" అని ముందే చెప్తే వాళ్లు మొహమాటం లేకుండా తింటారు. చెప్పకుండా పెట్టి తర్వాత తెలిస్తే ఆ నమ్మకం మళ్లీ రాదు. అసలు తినకపోయినా ఏం ఫరవాలేదు, వచ్చి కూర్చున్నా చాలు.

కొత్తపేట కుగ్లర్ ఆసుపత్రి మీకు తెలుసుగా. మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ గారు 1883లో గుంటూరు వచ్చారు, 1898లో ఆసుపత్రి తెరిచారు. ఆమె వైద్యంతో తన ఇంట్లో మేలు పొందిన ఏలూరు రాజావారు కృతజ్ఞతగా, అక్కడికి వచ్చే హిందూ రోగుల బంధువులు ఉండటానికి సత్రం కట్టించారు. ఆయన క్రైస్తవుడు కాలేదు, ఆమె ఆయన చేసిన మేలు వద్దనలేదు. మన ఊళ్లో కృతజ్ఞత అలా అటూ ఇటూ నడిచింది. మీ పైవాటా వాళ్ల అరిసెలు కూడా ఆ దారిలోనే వచ్చాయి.

ఆ డబ్బా సంగతి మర్చిపోకండి. సంక్రాంతి నుంచి మీ దగ్గరే ఉంది. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదని మన అమ్మలు చెప్పేవారు, అందుకే ఇన్నాళ్లూ ఇవ్వలేదనుకుంటాను. ఇవాళ దాన్ని కడిగి ఎండలో ఆరబెట్టండి. కొత్త మూకుడులో, కొత్త నూనెతో, గుడ్డు తగలని కజ్జికాయలు వేయించి నింపండి. ఆ మొదటి వాయి తీసేటప్పుడు మీ తోడికోడలిని కూడా రమ్మనండి, కజ్జికాయలకు నలుగురు చేతులు కావాలి. డబ్బా తీసుకుని మీరే పైకి వెళ్లండి, పిల్లల చేత పంపొద్దు. "క్రిస్మస్ రోజు సాయంత్రం ఆరింటికి మా ఇంటికి రండి" అని చెప్పి, ఆవిడ లోపలికి రమ్మంటే పనుందని మెట్ల మీద నుంచే తిరిగి రాకుండా, వెళ్లి కాసేపు కూర్చోండి.